అమెరికా ఎన్నికలు: మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నవంబరు మొదటి వారం వచ్చిందంటే నా ఫోనుకి తీరిక ఉండదు. ఇంటి దగ్గర్నుంచి చుట్టాలు, అమెరికాలో కొత్తగా దిగిన పిల్లలు, చివరికి ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నవాళ్లు కూడా అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను: అమెరికాలో దేశమంతటికీ కలిపి జరిగే ఎన్నిక అంటూ ఒక్కటి కూడా లేదు. 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ ఎవరి ఎన్నిక వాళ్లు పెట్టుకుంటారు, అవన్నీ ఒకే రోజున పడతాయి, అంతే. ఇది బుర్రకెక్కితే టీవీలో కనిపించే గందరగోళంలో సగం దానంతటదే తేలిపోతుంది.

అమెరికా ఎన్నికల సంఘం ఏం చేస్తోంది? ఇంత గొడవ జరుగుతుంటే నోరు విప్పదేం?

విప్పడానికి అలాంటి సంఘమే లేదు. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అని ఒకటుంది, పేరు చూసి అందరూ పప్పులో కాలేస్తారు, కానీ అది చూసేది చందాలు, ఖర్చుల లెక్కలు మాత్రమే. ఓటరు జాబితా, బ్యాలెట్ ముద్రణ, బూత్‌లు, లెక్కింపు అన్నీ రాష్ట్రాల చట్టాల ప్రకారం నడుస్తాయి. చేతులతో పనిచేసేది ఎక్కువగా కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), అవి దేశం మొత్తం మీద మూడు వేల పైచిలుకు ఉన్నాయి. మన శేషన్ లాంటి ఆఫీసరు అక్కడ పుట్టినా కూర్చోడానికి కుర్చీ లేదన్నమాట.

ఇంకా విచిత్రం ఏంటంటే, చాలా రాష్ట్రాల్లో ఎన్నికలు నడిపే పెద్ద అధికారి, అంటే సెక్రటరీ ఆఫ్ స్టేట్, తనే ఒక పార్టీ తరఫున పోటీచేసి గెలిచిన మనిషి. 2018లో జార్జియాలో బ్రయన్ కెంప్ గవర్నర్ పదవికి పోటీచేస్తూనే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా కొనసాగాడు, అంటే తన ఎన్నికకు తనే పైఅధికారి, గెలిచాడు కూడా. మన దగ్గర ఇలా జరిగితే రోడ్లు దిగ్బంధం అయిపోయేవి. అయితే అదే జార్జియాలో రెండేళ్ల తర్వాత అదే కుర్చీలో ఉన్న మరో రిపబ్లికన్, బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్, తన సొంత పార్టీకే చెందిన దేశాధ్యక్షుడు ట్రంప్ ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతికి పెట్టమని అడిగితే కుదరదన్నాడు. ఆ ఫోన్ రికార్డింగ్ 2021 జనవరిలో లోకమంతా విన్నది. ఆ రాష్ట్రంలో బైడెన్ ఆధిక్యం 11,779. కాబట్టి ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అంటే, ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని బట్టి అని తప్ప నేనేం చెప్పలేను.

ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఓడిపోవడం ఏంటండీ?

అధ్యక్షుణ్ణి తేల్చేది దేశం మొత్తం ఓట్ల సంఖ్య కాదు, రాష్ట్రాల వారీ లెక్క. ప్రతి రాష్ట్రానికీ కొన్ని ఎలక్టోరల్ ఓట్లుంటాయి, ప్రతినిధుల సభలో ఆ రాష్ట్రానికి ఎన్ని సీట్లో అన్ని, వాటికి సెనేట్ సీట్లు రెండు కలపాలి. కాలిఫోర్నియాకు 54, టెక్సాస్‌కు 40, పెన్సిల్వేనియాకు 19, వయోమింగ్‌కు 3. మొత్తం 538, గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా అన్నిచోట్లా ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా రాష్ట్రం మొత్తం గెలిచినవాళ్ల ఖాతాలోకే పోతుంది.

2016లో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కన్నా 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, అయినా మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 80 వేల లోపు తేడాతో చేజారి మొత్తం పోయింది. 2000లో అల్ గోర్ కథా అంతే. ఓట్ల లెక్క వేరు, సీట్ల లెక్క వేరు అన్నది మనకు కొత్తేమీ కాదు, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న వైసీపీకి 175లో 11 సీట్లే వచ్చాయి.

మరి మార్చరెందుకు అంటారా? రాజ్యాంగ సవరణ కావాలి, దానికి 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఈ పద్ధతితో లాభపడుతున్న చిన్న రాష్ట్రాలు తమ బలాన్ని తామే తగ్గించుకుంటాయా?

అయితే స్వింగ్ స్టేట్స్ అంటే అవేనా?

అవే, ఎప్పుడు ఎటు మొగ్గుతాయో తెలియని రాష్ట్రాలు. 2024లో ఏడు: పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరొలైనా, అరిజోనా, నెవాడా. ఏడూ ట్రంప్‌కే పడ్డాయి. ప్రచారం, ప్రకటనలు, డబ్బు అన్నీ అక్కడే కుమ్మరిస్తారు. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్న మనవాళ్లకు అభ్యర్థి ముఖం టీవీలో తప్ప కనపడదు.

గ్రీన్ కార్డు ఉంది. ఓటేయొచ్చా?

వేయకూడదు. అధ్యక్ష ఎన్నికకు, కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) ఎన్నికకు ఓటు పౌరసత్వం ఉన్నవాళ్లకే. 1996 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఇది నేరం, దేశం నుంచి పంపించేసే దాకా పోవచ్చు. ఇందులో ఒక ఉచ్చుంది, జాగ్రత్తగా చదవండి. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు అక్కడే ఓటరుగా నమోదు చేసుకుంటారా అని అడుగుతారు, 1993 నాటి చట్టం వల్ల వచ్చిన పద్ధతి ఇది. కౌంటర్లో అమ్మాయి గబగబా అడుగుతుంది, మనం వెనక క్యూ చూసి అన్నిటికీ యస్ యస్ అంటాం. తర్వాత ఎప్పుడో పౌరసత్వానికి ఎన్-400 పెట్టుకున్నప్పుడు "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా" అని ఒక ప్రశ్న ఉంటుంది, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. పౌరులు కాకపోతే ఆ గడిలో టిక్కు పెట్టొద్దు, పొరపాటున పెట్టి ఉంటే లాయర్ని కలవకుండా ముందుకు వెళ్లొద్దు.

చందాల సంగతీ చెప్పేస్తాను. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు ఏ అభ్యర్థికీ, ఊరి మేయర్‌కి కూడా, ఒక్క డాలరు ఇవ్వకూడదు. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు. జీతం తీసుకోకుండా ప్రచారంలో సాయం చేయడానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు.

ఓటరు కార్డు ఇస్తారా? గుర్తింపు ఏం చూపించాలి?

ఫొటోతో మనకిచ్చే ఓటరు కార్డు లాంటిది అక్కడ లేదు. నార్త్ డకోటా తప్ప అన్ని రాష్ట్రాల్లో ఓటరుగా నమోదు కావాలి, అధికారులు ఇంటికొచ్చి రాసుకుపోరు. గుర్తింపు విషయంలో ఎవరి గోల వారిది. కాలిఫోర్నియాలో చాలామందిని బూత్‌లో ఏ కార్డూ అడగరు. టెక్సాస్‌లో ఫొటో కార్డు కావాలి, అక్కడ తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, ప్రభుత్వ యూనివర్సిటీ విద్యార్థి కార్డు చెల్లదు! దీని మీద రెండు పార్టీలూ ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నాయి. ఒకళ్లు దొంగ ఓట్లంటారు, ఇంకొకళ్లు పేదలనీ నల్లజాతివాళ్లనీ బూత్‌కు రాకుండా చేసే ఎత్తుగడ అంటారు. ఆ రెండో అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. 1965లో ఓటింగ్ హక్కుల చట్టం వచ్చేదాకా దక్షిణ రాష్ట్రాల్లో చదువు పరీక్షల పేరుతో నల్లవాళ్లను ఓటుకు దూరంగా పెట్టిన చరిత్ర ఉంది. ఆ చట్టంలోని ఒక ముఖ్యమైన కాపలా పద్ధతి 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో పనికిరాకుండా పోయింది.

బ్యాలెట్ చూడ్డానికి ఎలా ఉంటుంది?

మొదటిసారి చేతిలోకి వచ్చినప్పుడు చాలామంది బిత్తరపోతారు. మనకు ఒక ఎంపీ, ఒక ఎమ్మెల్యే, రెండు మీటలు, ఇంటికెళ్లి వేలు చూపించి సెల్ఫీ. అక్కడ పొడవాటి అట్టలాంటి కాగితం, రెండు వైపులా అచ్చు. పైన అధ్యక్షుడు, కింద సెనేటర్, ప్రతినిధుల సభ, రాష్ట్ర శాసనసభ, ఆ తర్వాత మొదలవుతుంది అసలు జాబితా: షెరీఫ్, కౌంటీ ఖజానా చూసేవాడు, స్కూల్ బోర్డు, చాలాచోట్ల జడ్జీలు కూడా. అవును, జడ్జీలకు ఓట్లేస్తారు. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో కొన్నేళ్లు జడ్జీల జాబితా చదవడానికే ఓపిక చాలదు. చివర్లో ప్రశ్నలుంటాయి, బడికి కొత్త భవనం కోసం అప్పు తేవచ్చా, ఫలానా పన్ను పెంచాలా అని. ప్రతి పేరు పక్కనా గుండ్రటి గడి, నల్ల పెన్నుతో నిండా దిద్దాలి, మన ఎంసెట్ ఓఎంఆర్ షీటు గుర్తొస్తుంది.

ఎన్నికల గుర్తులు చాలాచోట్ల ఉండవు. నోటా కూడా నెవాడాలో తప్ప లేదు. దానికి బదులు చాలా రాష్ట్రాల్లో ఖాళీ గీత ఒకటి ఇస్తారు, నచ్చిన పేరు మీరే రాసుకోవచ్చు. ఇది సరదా కోసం అనుకోకండి, 2010లో అలాస్కాలో లీసా మర్కౌస్కీ సొంత పార్టీ టికెట్ పోగొట్టుకుని, జనంతో తన పేరు రాయించుకుని సెనేట్‌కు గెలిచింది. ఆ ఇంటిపేరు ఇంగ్లీషులో స్పెల్లింగ్ తప్పు లేకుండా రాయడమే ఒక పరీక్ష, అందుకని పేరు అచ్చేసిన చేతి పట్టీలు కూడా పంచారు.

బ్యాలెట్ ఎలా అచ్చేశారన్నది చిన్న విషయం కాదు. 2000లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో ముసలివాళ్లకు అక్షరాలు పెద్దగా కనపడాలని పేర్లను రెండు పేజీల్లో అటూ ఇటూ వేసి, ఓటు వేయడానికి పొడిచే కన్నాలు మధ్యలో పెట్టారు. ఎడమ పేజీలో గోర్ పేరు రెండోది, కానీ ఆయన కన్నం మూడోది. రెండో కన్నం కుడి పేజీలో ఉన్న రిఫార్మ్ పార్టీ అభ్యర్థి పాట్ బుకానన్‌ది. బుకానన్‌కు అక్కడ 3,407 ఓట్లు పడ్డాయి, అన్ని ఓట్లు నావి కావని ఆయనే ఒప్పుకున్నాడు. రాష్ట్రం మొత్తం మీద బుష్ గెలిచింది 537 ఓట్లతో. పార్టీ కుట్ర కాదు, ఆ బ్యాలెట్ తయారు చేయించిన అధికారిణి డెమోక్రాటే.

ఈవీఎంలు లేవా?

బటన్ నొక్కి బీప్ వినే మన రకం చాలా తక్కువ. ఎక్కువచోట్ల కాగితమే, దాన్ని స్కానర్ లెక్కపెడుతుంది, గొడవొస్తే కాగితాలు తీసి చేత్తో లెక్కిస్తారు. 2020లో జార్జియాలో దాదాపు 50 లక్షల కాగితాలు అలా చేత్తో లెక్కపెట్టారు, ఫలితం మారలేదు.

మనకు ఒక్క పూటలో తేలిపోతుంది. వాళ్లకు రోజులు పడుతుందేం?

మనకు లెక్కింపు మొదలయ్యేసరికి పెట్టెలన్నీ స్ట్రాంగ్ రూముల్లో సిద్ధంగా ఉంటాయి, దేశమంతటా ఒకే రోజు, ఒకే పద్ధతి. వాళ్లకు పోలింగ్ ముగిసిన నిమిషం నుంచే లెక్క మొదలు, పైగా పోస్టులో వచ్చిన ఓట్లు కుప్పలుగా ఉంటాయి.

పెన్సిల్వేనియా తీసుకోండి. అక్కడి చట్టం ప్రకారం పోస్టల్ కవర్లను పోలింగ్ రోజు ఉదయం 7 గంటలకు ముందు చింపకూడదు. వారాల ముందు వచ్చినవైనా సరే, అలా పేర్చి పెట్టుకోవాల్సిందే. ఏడు కొట్టాక ఒక్కొక్క కవరు తీసి, పైన ఓటరు సంతకం ఉందో లేదో చూస్తారు. దాన్ని కోస్తే లోపల పేరు లేని ఇంకో కవరు, ఓటు రహస్యం కోసం. లోపలి కవర్లన్నీ కలిపేశాక వాటిని కోసి, మడతపడిన బ్యాలెట్లను చేత్తో సాపు చేసి, స్కానర్లో పెడతారు. లోపలి కవరు పెట్టడం మర్చిపోయి బ్యాలెట్‌ని నేరుగా పై కవరులో పెడితే ఆ ఓటు చెల్లదు. ఒక్క ఫిలడెల్ఫియాలోనే లక్షల కవర్లతో ఇదంతా చేయాలి. ఫ్లోరిడాలో అయితే పోలింగ్‌కు చాలా రోజుల ముందే కవర్లు విప్పి సిద్ధం చేసుకోవచ్చు, అందుకే ఆ రాత్రికే తేలిపోతుంది.

2020లో కోవిడ్ వల్ల డెమోక్రాట్లు ఎక్కువగా పోస్టులో వేశారు, ట్రంప్ వద్దన్నాడు కాబట్టి రిపబ్లికన్లు ఎక్కువగా బూత్‌కే వెళ్లారు. బూత్ ఓట్లు ముందు లెక్కకొచ్చాయి, రాత్రి పెన్సిల్వేనియాలో ట్రంప్ ఆరు లక్షలకు పైగా ఆధిక్యంలో కనిపించాడు. కవర్లు విప్పుతున్న కొద్దీ అది కరిగి చివరికి బైడెన్ 80 వేలతో గెలిచాడు. ఇలా జరుగుతుందని ముందే ఎంతోమంది చెప్పారు. అయినా "రాత్రికి రాత్రి ఓట్లు మాయం" అన్న ఫార్వర్డులు ఇప్పటికీ మన గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. కవర్లు ముందే విప్పేలా చట్టం మారిస్తే సగం అనుమానాలు పుట్టవు, ఆ రాష్ట్ర శాసనసభలో రెండు పార్టీలకూ ఒప్పందం కుదరలేదు మరి.

ఎన్నికల సంఘం లేకపోతే గెలిచారని ప్రకటించేది ఎవరు?

ఆ రాత్రి చెప్పేది వార్తా సంస్థలు. నిజం. అసోసియేటెడ్ ప్రెస్ 1848 నుంచి ఈ పని చేస్తోంది. కౌంటీ ఆఫీసుల్లో తన మనుషుల్ని పెట్టి అంకెలు తెప్పించుకుని, వెనకబడినవాళ్లు ఇక అందుకోలేరని తేలాకే పేరు చెబుతుంది. చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. అసలు లెక్క కౌంటీలు, రాష్ట్రాలు ధ్రువీకరించాలి, డిసెంబరులో ఎలక్టర్లు (ఆ ఎలక్టోరల్ ఓట్లు వేసే మనుషులు) ఓటేయాలి, జనవరి 6న కాంగ్రెస్ లెక్కపెట్టాలి, 20న ప్రమాణ స్వీకారం. 2021 జనవరి 6న జనం క్యాపిటల్ భవనంలోకి చొరబడింది ఆ లెక్కింపును ఆపడానికే.

పార్టీ టికెట్ ఎవరిస్తారు? హైకమాండ్ ఎక్కడ?

మనవాళ్లకు అన్నిటికన్నా కష్టంగా ఎక్కేది ఇదే. అక్కడ బీ-ఫారం లేదు. టికెట్ ఎవరికన్నది ప్రైమరీ ఎన్నికలో ఓటర్లే తేలుస్తారు. కొన్ని రాష్ట్రాల్లో ఆ పార్టీ పేరు మీద నమోదైనవాళ్లే వేయాలి, కొన్నిచోట్ల ఎవరైనా వేయొచ్చు. పార్టీ పెద్దలకు ఇష్టం లేని మనిషి గెలిస్తే నోరుమూసుకుని ఒప్పుకోవాల్సిందే. 2016లో ట్రంప్ అలాగే వచ్చాడు, రిపబ్లికన్ పెద్దల్లో చాలామందికి అప్పట్లో ఆయనంటే గిట్టదు. బెర్నీ శాండర్స్ డెమోక్రాటిక్ సభ్యుడు కూడా కాదు, అయినా రెండుసార్లు ఆ పార్టీ టికెట్‌కు పోటీపడ్డాడు. 2014లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ నాయకుడు ఎరిక్ క్యాంటర్ సొంత నియోజకవర్గం ప్రైమరీలో పేరు తెలియని ఒక ప్రొఫెసర్ చేతిలో ఓడిపోయాడు.

ఫిరాయింపుల చట్టం లేదు, పార్టీ చెప్పినట్టు ఓటేయకపోతే సీటు పోదు. మరి ఈ మధ్య అందరూ గీత దాటకుండా ఉంటున్నారేం? ప్రైమరీ భయం. చాలా సీట్లు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు, అక్కడ నవంబరు ఎన్నిక లాంఛనం, ప్రైమరీలోనే అసలు పోరు. ప్రైమరీకి వచ్చే కొద్దిమందీ పార్టీ వీరాభిమానులు. ఎదుటి పార్టీతో చేయి కలిపినవాణ్ణి వాళ్లు క్షమించరు. అమెరికా రాజకీయాలు ఇంత కరుగ్గా మారడానికి టీవీ కన్నా, ఫేస్‌బుక్ కన్నా ఈ ప్రైమరీలే పెద్ద కారణమని నా నమ్మకం.

మూడో పార్టీ ఎందుకు లేదు?

ఉన్నాయి, గెలవవు. 1992లో రాస్ పెరోకు దాదాపు 19 శాతం ఓట్లొచ్చాయి, ఎలక్టోరల్ ఓట్లు సున్నా. పైగా ఓట్లు చీల్చారన్న నింద మిగులుతుంది, 2000లో ఫ్లోరిడాలో 97 వేల ఓట్లు తెచ్చుకున్న రాల్ఫ్ నేడర్‌ను డెమోక్రాట్లు ఇప్పటికీ తిడుతుంటారు. సొంత పార్టీ పెట్టడం కన్నా ఉన్న పార్టీ ప్రైమరీలో దూరడమే తెలివైన పని అని అందరికీ అర్థమైపోయింది.

లింకన్ రిపబ్లికన్ కదా, మరి నల్లజాతి ఓట్లు డెమోక్రాట్లకు ఎందుకు?

పేర్లు అవే, లోపలి మనుషులు మారారు. ఒకప్పుడు దక్షిణాది తెల్లవాళ్ల పార్టీ డెమోక్రాటిక్ పార్టీ. 1930లలో రూజ్‌వెల్ట్ కాలంలో ఉత్తరాది నల్లవాళ్లు ఇటు రావడం మొదలైంది, 1964లో డెమోక్రాట్ అయిన లిండన్ జాన్సన్ పౌరహక్కుల చట్టం తెచ్చాక దక్షిణాది తెల్లవాళ్లు మెల్లగా రిపబ్లికన్ల వైపు జరిగారు. రాత్రికి రాత్రి కాదు, ముప్పై ఏళ్లు పట్టింది. ఇక ఎరుపు రిపబ్లికన్లకు, నీలం డెమోక్రాట్లకు అన్న వాడుక 2000 ఎన్నిక తర్వాతే స్థిరపడింది, అంతకు ముందు ఒక్కో చానల్ ఒక్కో రంగు వేసేది.

సర్వేలు ఇన్నిసార్లు తప్పితే ఇంకా ఎందుకు నమ్ముతారు?

తప్పు సర్వేది సగం, చదివేవాళ్లది సగం. వెయ్యి మందిని అడిగిన సర్వేకు మూడు శాతం అటూ ఇటూ తేడా సహజం, అదీ ఒక్కో అభ్యర్థి అంకెకు. ఇద్దరి మధ్య తేడాకు వచ్చేసరికి అది దాదాపు రెట్టింపు. 48–46 అని వస్తే టీవీ వాడు "ఆధిక్యం" అంటాడు, లెక్క తెలిసినవాడు "తెలీదు" అంటాడు.

అసలు సమస్య ఎంతమందిని అడిగారన్నది కాదు, ఎవర్ని అడిగారన్నది. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడంది. ఆయన 48లో 46 రాష్ట్రాలు గెలిచాడు. ఆ కార్డులు వెళ్లింది ఎక్కువగా టెలిఫోన్, కారు ఉన్న ఇళ్లకు, తిరిగి పంపే ఓపిక ఉన్నది రూజ్‌వెల్ట్ మీద కోపం ఉన్నవాళ్లకు. చాలా తక్కువ మందిని అడిగిన జార్జ్ గ్యాలప్ మాత్రం సరిగ్గా చెప్పి పేరు తెచ్చుకున్నాడు. ఆ గ్యాలప్ కూడా 1948లో ట్రూమన్ ఓడిపోతాడని చెప్పి బోల్తా పడ్డాడు.

ఇప్పుడు ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. ప్యూ సంస్థ లెక్కల ప్రకారం 1997లో ఫోన్ సర్వేకు 36 శాతం మంది జవాబిచ్చేవాళ్లు, 2018 నాటికి అది 6 శాతం. ఎత్తే ఆ ఆరుగురూ మిగతావాళ్లలాంటి మనుషులేనా? కారు. 2016లో డిగ్రీ లేని తెల్లవాళ్లు సర్వేల్లో తక్కువ దొరికారు, చాలా రాష్ట్ర సర్వేలు చదువును బట్టి లెక్క సరిచేయలేదు, విస్కాన్సిన్‌లో క్లింటన్‌కు ఆరు పాయింట్ల ప్రాంతంలో ఆధిక్యం చూపించినా ఆమె ఓడిపోయింది. దాన్ని సరిదిద్దుకున్నా 2020లో ఇంకా ఎక్కువ తప్పాయి. 2024లో పేరున్న అయోవా సర్వే ఒకటి ఎన్నికకు మూడు రోజుల ముందు కమలా హారిస్ మూడు పాయింట్లు ముందుందంటే మా గ్రూపులో ఒకాయన స్వీట్లు ఆర్డర్ చేశాడు. అక్కడ ట్రంప్ 13 పాయింట్లతో గెలిచాడు.

చూడాలనుకుంటే ఒక్క సర్వేని కాదు, సగటుని చూడండి, దాన్నీ రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ అనుకునే చూడండి.

జనంలో ఎక్కువమందికి కావాల్సింది చట్టంగా ఎందుకు రాదు?

మంచి ప్రశ్న, మీడియాలో ఎవరూ ఓపిగ్గా చెప్పరు. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు సిబ్బంది కాల్పుల్లో చనిపోయారు. తుపాకీ కొనేవాళ్లందరి వివరాలూ తనిఖీ చేయాలా అంటే ఏ సర్వేలో చూసినా పదిలో ఎనిమిది తొమ్మిది మంది చేయాలన్నారు. 2013 ఏప్రిల్లో సెనేట్‌లో దానికి 54 ఓట్లు పడ్డాయి, 46 వ్యతిరేకం. ఓడిపోయింది! సెనేట్ నిబంధనల వల్ల చర్చ ముగించాలంటేనే 60 కావాలి. పైగా నాలుగు కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకూ, ఆరు లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కూ సెనేట్‌లో రెండేసి సీట్లే. ఇంకోటి, వద్దన్న పది శాతం ఆ ఒక్క విషయం మీదే ఓటేస్తారు, కావాలన్న తొంభై శాతం పెట్రోలు ధర చూసి ఓటేస్తారు. నాయకుడికి ఎవరంటే భయం ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఒక చానల్ చూస్తే ఒక దేశం, ఇంకోటి చూస్తే ఇంకో దేశం. ఎప్పట్నుంచి ఇలా?

పార్టీకో చానల్ మనకేం కొత్త, మన తెలుగు చానళ్ల సంగతి నేను చెప్పాలా? కాకపోతే అక్కడ ఒకప్పుడు వేరుగా ఉండేది. మూడు పెద్ద నెట్‌వర్కులు, సాయంత్రం అరగంట వార్తలు, దాదాపు దేశమంతా అవే చూసేది. 1949 నుంచి ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనే నిబంధన ఉండేది, వివాదాల్లో రెండు వైపులా వినిపించాలని. 1987లో దాన్ని తీసేశారు, మరుసటి ఏడాదే రిపబ్లికన్ల వైపు వాదించే రష్ లింబా రేడియో కార్యక్రమం దేశమంతటా మొదలైంది. రిపబ్లికన్లు ఎక్కువగా చూసే ఫాక్స్ న్యూస్ కూడా దీనివల్లే పుట్టిందని చాలామంది రాస్తుంటారు, అది తప్పు, ఆ నిబంధన గాల్లో తరంగాలు వాడుకునే రేడియో, టీవీ స్టేషన్లకే గానీ కేబుల్‌కు ఎప్పుడూ లేదు. ఫాక్స్, ఎంఎస్ఎన్‌బీసీ రెండూ 1996లో వచ్చాయి. కేబుల్‌లో అందర్నీ మెప్పించక్కర్లేదు, రోజూ వచ్చి కూర్చునే ఇరవై ముప్పై లక్షల మంది చాలు.

ఆ వీక్షకులు చానల్‌ను ఎలా పట్టుకుంటారో 2020లో కనిపించింది. పోలింగ్ రాత్రి 11:20కి అరిజోనా బైడెన్‌దేనని మిగతావాళ్లందరికన్నా ముందు చెప్పింది ఫాక్సే, అది నిజమైంది కూడా. కానీ వీక్షకులు తిరగబడి వేరే చానళ్లకు పోవడం మొదలెట్టారు. తర్వాత వారాల్లో డొమినియన్ ఓటింగ్ యంత్రాలు ఓట్లు మార్చాయన్న ఆరోపణలకు ఫాక్స్ కార్యక్రమాల్లో చోటు దొరికింది, ఆ కంపెనీ కేసు వేసింది. చానల్‌లోని ప్రముఖులే ఆ కథల్ని లోలోపల నమ్మలేదని కోర్టు పత్రాల్లో బయటపడింది. 2023 ఏప్రిల్లో 78 కోట్ల 75 లక్షల డాలర్లకు రాజీ అయింది.

దీనికన్నా నాకు దిగులనిపించేది చిన్న పత్రికలు మూతపడటం. 2005 నుంచి ఇప్పటిదాకా మూడు వేలకు పైగా పోయాయి. కౌంటీ మీటింగులో విలేకరి కూర్చోకపోతే, షెరీఫ్ ఎవరో, స్కూల్ బోర్డు ఏం చేస్తోందో ఎవరికీ తెలీదు, చివరికి అక్కడా పార్టీ రంగు చూసే ఓటేస్తారు.

ప్రచారానికి గడువు, ఎగ్జిట్ పోల్స్‌కి నిషేధం ఉండవా?

మనలా 48 గంటల మౌనం లేదు, పోలింగ్ రోజు కూడా టీవీలో ప్రకటనలొస్తాయి. ఎగ్జిట్ పోల్ మీద చట్టపరమైన నిషేధం లేదు, పోలింగ్ ముగిసేదాకా ఆ రాష్ట్రం ఫలితం చెప్పకూడదని చానళ్లే ఒప్పందం పెట్టుకున్నాయి. 1980లో పడమటి తీరంలో జనం ఇంకా ఓటేస్తుండగానే ఎన్‌బీసీ రేగన్ గెలిచాడంది, కార్టర్ ఓటమి కూడా ఒప్పేసుకున్నాడు, దాంతో పెద్ద గొడవయింది. ఖర్చుకూ పరిమితి లేదు. అభ్యర్థికి నేరుగా ఒక్కరు ఇచ్చే చందాకు వేల డాలర్లలో హద్దుంది గానీ, 2010 నాటి తీర్పుల తర్వాత సూపర్ ప్యాక్‌లకు (అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా విడిగా ప్రచారం చేసే సంఘాలు) ఎంతైనా ఇవ్వొచ్చు. 2024లో ఇలాన్ మస్క్ ఒక్కడే 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టాడు.

తెలుగువాళ్ల ఓటు అంటూ ఏమైనా ఉందా?

ఒకే గంపలో లేదు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ డెమోక్రాట్, 2023 నుంచి మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్. ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉష తల్లిదండ్రులది ఆంధ్ర. ఇద్దర్నీ మన ఆడపడుచులే అని చెప్పుకుంటాం, పార్టీలేమో ఎదురెదురు. అట్లాంటా, షార్లెట్ శివార్లలో ఉన్నవాళ్ల ఓటుకు మాత్రం బరువుంది, జార్జియా, నార్త్ కరొలైనా తక్కువ తేడాలతో తేలే రాష్ట్రాలు.

ఇండియాలో ఉండి ఫలితాలు చూడాలంటే ఎన్నింటికి లేవాలి?

పోలింగ్ మంగళవారం, మనకు బుధవారం తెల్లవారుజాము. 4:30కి ఇండియానా, కెంటకీల్లో కొన్ని చోట్ల ముగుస్తుంది, దానికి లేవక్కర్లేదు. 5:30కి జార్జియా, 6కి నార్త్ కరొలైనా, 6:30కి పెన్సిల్వేనియా, 7:30కి విస్కాన్సిన్, అరిజోనా. 9:30కి కాలిఫోర్నియా ముగిసిన నిమిషంలోనే అది డెమోక్రాట్లదని చెప్పేస్తారు, దాన్ని చూసి ఎవరో దూసుకుపోయారని కంగారుపడొద్దు. కౌంటీ పేర్లు వినిపించినప్పుడు ఎన్ని శాతం లెక్కయిందో, మిగిలినవి పోస్టల్ ఓట్లా బూత్ ఓట్లా అన్నది చూడండి, ఆధిక్యం అంకె కన్నా అదే ముఖ్యం. ప్రతినిధుల సభ ఎవరిదో ఆ రోజే తేలాలని పట్టుబట్టకండి. 2024లో కాలిఫోర్నియా పోలింగ్ రోజుకల్లా పోస్టు ముద్ర పడిన కవర్లను వారం దాకా తీసుకుంది, నవంబరు 5న పోలింగైతే సభ రిపబ్లికన్లదేనని ఏపీ చెప్పింది 13న. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అసోసియేటెడ్ ప్రెస్, ఇది కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నా.